ఇద్దరు కుట్టే బొంత

“అక్కాచెల్లెళ్ళమని రాసేద్దాం అక్కా. ఎవరు చూడొచ్చారు?” అంది పాదులమ్మ, సొరపాదుకు కట్టిన పురికొస బిగిస్తూ.

అరుగు మీద బొంత పరుచుకుని కూర్చున్న సూదమ్మ తల ఎత్తలేదు. “అబద్ధం రాసిన ఇంట్లో నాకు ముద్ద దిగదే.”

“నిజం రాస్తే ఇల్లే ఉండదు. అప్పుడు ఆ ముద్ద ఎక్కడ కూర్చుని మింగుతావు?”

సూదమ్మ దారం కొరికి ఇంకో పోగు ఎక్కించింది.

ఆ పేర్లు వీధివాళ్ళు పెట్టినవి. పెద్దామె రవికకు ఎప్పుడు చూసినా రెండు సూదులు గుచ్చి ఉంటాయి కాబట్టి సూదమ్మ. చిన్నామె గోళ్ళలో మట్టి వదలదు కాబట్టి పాదులమ్మ. ఎనిమిది నెలల క్రితం ఈ వెనకగదినీ, రాళ్ళు నిండిన పెరటినీ ఇద్దరూ కలిసి అద్దెకు తీసుకున్నారు. అప్పుడు తాళాలిచ్చింది ఇంటావిడ తమ్ముడు. ఇప్పుడు ఇంటావిడే ఊరి నుంచి దిగింది. రిటైరైన టీచరమ్మ. ఆమె అద్దె కాగితంలో ‘బంధుత్వం’ అని ఒక గడి ఉంది. ఇదివరకు ఇద్దరు స్నేహితురాళ్ళు ఇదే గదిలో ఉండి, పెరటికి అడ్డంగా గీత గీసుకుని పోట్లాడుకుని, చివరికి చెరో దారిన పోయారట. వాళ్ళు పెంచిన మొక్కలన్నీ ఎండిపోయాయట. అప్పటినుంచి ఒకరికొకరు ఏమీ కానివాళ్ళకు ఇల్లివ్వనని పట్టుపట్టింది. సాయంత్రం వచ్చి గడి నింపించుకుంటానని, ఖాళీగా ఉంటే నెలాఖరుకు గది ఖాళీ చెయ్యాలని కబురు పెట్టింది.

సూదమ్మ ఇప్పటికి ఐదిళ్ళు మారింది. ఏ ఇంట్లోనూ తన మూట పూర్తిగా విప్పలేదు. ఎవరు ఎప్పుడు పొమ్మంటారో ఎవరికి తెలుసు? ఈ ఇంట్లోనే మొదటిసారి ధైర్యం చేసి, ఆ మూటగుడ్డను కూడా ముక్కలు కత్తిరించి బొంతలో వేసేసింది.

వాళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు మొదటిసారి చూసుకున్నది మునిసిపల్ ఆఫీసు వరండాలో. ఒకే కాగితం కోసం వరుసలో నిలబడి, నేను ముందంటే నేను ముందని తగువులాడుకున్నారు. గుమస్తా విసుగెత్తి ఇద్దర్నీ మర్నాడు రమ్మన్నాడు. తిరుగు బస్సులో ఇద్దరికీ పక్కపక్క సీట్లే దొరికాయి. అప్పటికి సూదమ్మను మొగుడు వదిలేసి పన్నెండేళ్ళు. పాదులమ్మ మొగుడు పోయి నెల. బస్సు దిగేసరికి ఒకే గది వెతుక్కుందామన్న మాట ఎవరి నోటి నుంచి ముందు వచ్చిందో ఇప్పటికీ తేలలేదు.

మొదట్లో ఏడుపొస్తే ఒకామె పార పట్టుకునేది, ఒకామె సూది పట్టుకునేది. రాళ్ళు ఏరగా ఏరగా పెరడు తేలింది. వంగ పూసింది, బంతి విరగబూసింది, సొరపాదు పందిరి ఎక్కింది. పాతగుడ్డలు ఏరగా ఏరగా బొంత తేలింది. దాన్ని ఎదురెదురుగా కూర్చుని, చెరో అంచు నుంచి కుట్టుకుంటూ మధ్యకు వస్తారు. ఒకరి కుట్టు ఇంకొకరు విప్పకూడదన్నది సూదమ్మ పెట్టిన నియమం. ఆమె కుట్లు చీమల బారు. పాదులమ్మవి కోడి నడక. నీలం గళ్ళ చొక్కా ముక్కలు ఇద్దరి మూటల్లోనూ బయటపడితే, ఏది ఎవరిదో తేలక రెండింటినీ పక్కపక్కనే అతికేశారు. సూదమ్మ మొగుడు కూరలో ఉప్పు తక్కువైందని కంచం నెట్టేవాడు. పాదులమ్మ మొగుడు ఉప్పు ఎక్కువైందని నెట్టేవాడు. ఆ సంగతి చెప్పుకుని కడుపుబ్బ నవ్వుకోవడానికి మాత్రం వాళ్ళకు చాలా రోజులు పట్టింది.

సాయంత్రం టీచరమ్మ చెప్పిన వేళకే వచ్చింది. ముందు పెరడంతా తిరిగింది. ఆకులు ఎత్తి కింద పురుగుందేమో చూసింది. తర్వాత అరుగు మీద కూర్చుని, బొంతను ఒళ్ళోకి లాక్కుని, ఈ వంకర సగం ఎవరిదని అడిగింది.

పాదులమ్మ తనదేనని ఒప్పుకుంది.

“నువ్వు ఇంత బాగా కుడతావు కదా, అది విప్పి మళ్ళీ కుట్టొచ్చుగా?” అని టీచరమ్మ సూదమ్మ వైపు తిరిగింది.

“దాని కుట్టు విప్పనండీ. వంకరైతే అయింది, గట్టిగా ఉంది.”

“ఒకరి మీద ఒకరికి కోపం రాదా?”

“రోజూ వస్తుందండీ,” అంది పాదులమ్మ. “అక్కకు కోపమొచ్చిన రోజు ఇంకో జానెడు ఎక్కువ కుడుతుంది. బొంత తొందరగా అవుతుందని నేనే అప్పుడప్పుడు తెప్పిస్తాను.”

టీచరమ్మ నవ్వలేదు. సంచీలోంచి కాగితం తీసి, కలం సూదమ్మ చేతికిచ్చింది. “ఉన్నది ఉన్నట్టు రాయి. ముప్పై ఏళ్ళు కాపీలు పట్టుకున్నదాన్ని, దొంగరాత చూడగానే తెలిసిపోతుంది.”

సూదమ్మ కలం పట్టుకుని పెరటి వైపు చూసింది. ఎదురుగా పందిరి, పందిరికి వేలాడుతున్న మూడు లేత సొరకాయలు. వాటిని కొయ్యడానికి ఇంకో వారం పడుతుంది. పాదులమ్మ వెనక నుంచి “అక్కాచెల్లెళ్ళు, అక్కాచెల్లెళ్ళు” అని గొణిగింది. సూదమ్మ కలం కదలలేదు. కాసేపు చూసి పాదులమ్మ ఆమె పక్కన చతికిలబడి, భుజానికి భుజం ఆనించింది.

“సరే, నీకు తోచింది రాయి. పోతే ఇద్దరం పోదాం. మట్టి ఎక్కడైనా మట్టే.”

అప్పుడు సూదమ్మ ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ రాసి, కాగితం తిరిగి ఇచ్చింది.

టీచరమ్మ చదివింది. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివింది. ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. ఉన్నట్టుండి ఒళ్ళు కదిలిపోయేలా నవ్వి, నవ్వుతూనే కింద సంతకం పెట్టేసి, మొదటి సొరకాయ తనకే ఇవ్వాలని చెప్పి వెళ్ళిపోయింది.

గడిలో ఉన్నది ఒకటే మాట: ‘సవతులు’.