ఏం కుట్టింది?

బుధవారం తెల్లారేసరికి కామాక్షి మోచేతి కింద ఎర్రగా పొంగింది. మధ్యాహ్నానికి నీటిపొక్కులు లేచాయి.

“సాలీడు కుట్టుంటదే. కొబ్బరి డొక్కల గుట్ట దగ్గర నాకూ ఓసారి కుట్టింది. నాలుగు రోజులు పొక్కులు, తర్వాత మామూలే,” అంది తల్లి పెద్దింట్లమ్మ, పసుపు రాస్తూ.

“చూసినట్టే చెప్తున్నావేంటమ్మా! శుక్రవారం విమానం పెట్టుకుని నాలుగు రోజులంటావేంటి?”

సాయంత్రం కువైట్ ఏజెంటు అమ్మిరాజు వచ్చి, చెయ్యి చూసి ముఖం చిట్లించాడు.

“ఈ చేత్తో వెళ్తే ఎయిర్‌పోర్టు నుంచే తిప్పి పంపేస్తారు. ఏం తల్లివమ్మా, పిల్లని రెండ్రోజులు చూసుకోలేకపోయేవా?”

“ఆయ్, నాదే తప్పండి రాజుగారూ.”

“సర్లే. చెయ్యి మానితే వచ్చే నెల ఇంకో వీసా చూస్తాను.”

పెద్దింట్లమ్మ పసుపు గిన్నె తీసి లోపల పెట్టింది. తొంభై నాలుగులో మస్కట్ వెళ్లిన పెద్దకూతురు రాజ్యం దగ్గర్నుంచి ఉత్తరం వచ్చి మూడేళ్లు దాటింది.

శుక్రవారం విమానం వెళ్లిపోయింది. శనివారానికి పొక్కులు చితికి తోలు నల్లబడింది. ఒళ్లు కాలిపోతోంది. వేళ్లు ముడుచుకోవడం లేదు.

అమలాపురం ఆసుపత్రిలో డాక్టరు కట్టు విప్పి చూశాడు.

“ఏం కుట్టింది?”

“సాలీడండి,” అంది పెద్దింట్లమ్మ.

“పాము కాటైనా ఇలాగే కుళ్లుతుందమ్మా. దాని వైద్యం వేరు, దీని వైద్యం వేరు. పొరపాటుపడితే చెయ్యి కాదు, మనిషే దక్కదు. కళ్లారా చూశారా ఎవరైనా?”

“నిద్దట్లో కుట్టిందండి,” అంది కామాక్షి నీరసంగా.

పెద్దింట్లమ్మ కూతురి ముఖం కేసి చూసింది. మళ్లీ చూడనేమో అన్నట్టు చూసింది. తర్వాత బొడ్లోంచి అగ్గిపెట్టె తీసి బల్ల మీద పెట్టింది.

మూతకి సూదితో పొడిచిన చిల్లులున్నాయి. లోపల గోధుమరంగు సాలీడు. ఇంకా కాళ్లాడిస్తోంది.

“ఇదా! ఇంక భయం లేదు, వైద్యం మొదలెట్టొచ్చు. మంచి పని చేశారు.”

“మా అమ్మేనండి నా చెయ్యి నిలబెట్టింది,” అంటూ కామాక్షి మంచి చేత్తో తల్లి చెయ్యి పట్టుకుంది.

డాక్టరు చీటీ మీద రాసుకుంటున్నాడు. “కుట్టింది బుధవారం. మరి దీన్ని పట్టుకున్నది ఎప్పుడమ్మా?”

“అంతకుముందు ఆదివారం అండి,” అంది పెద్దింట్లమ్మ, కూతురి చేతిలోంచి తన చెయ్యి తీసేసుకుంటూ.