నంది జరిగిన పాట

ముందే ఒప్పేసుకుంటాను. ఈ కథలో ఎద్దు మొదటి నుంచీ ఉంది, నాకే ఆలస్యంగా కనబడింది.

మార్గసహాయం భాగవతర్ తన ఇంటి అరుగు మీద కొత్త పాట పాడి ముగించాడు. అగ్రహారం కళ్లు తుడుచుకుని లేచింది. ఆయన మాత్రం తిన్నగా పశువుల కొట్టం పక్కకి నడిచాడు. ఆయన పొలంలో కూలి చేసే కాత్తాయి అక్కడే కూర్చుని వింది. ఆ హద్దు దాటి ఆమె ముందుకు రాకూడదు.

ఆమె మొగుడు వీరన్ బతికినన్నాళ్లూ గుడి బయట నిలబడి, శివుడు కనబడతాడేమోనని మెడ సాచాడు. నంది అడ్డం. చూడకుండానే పోయాడు. భాగవతర్ ఈ పాట అతని మీదే కట్టాడు.

"విన్నావా కాత్తాయీ?"

"విన్నా సామీ. శివయ్య చెప్పగానే రాతి నంది పక్కకు జరిగింది, మా ఆయనకి దర్శనమైంది. బతికుండగా జరిగుంటే దాని సొమ్మేం పోయేది?"

"ఆ చోట నాకూ ఏడుపొచ్చింది. చూశావా?"

"ఎక్కడ సామీ, మీ గొంతే వినబడింది. మధ్యలో మీ ఎద్దుంది కదా."

భాగవతర్ తిరిగి చూశాడు. పొద్దున దాన్ని అక్కడ కట్టించింది తనే. రాతిది కాదు, పలుపు విప్పితే జరిగేది.

ముడి విప్పాడు. "మళ్లీ పాడతాను, కూర్చో."

"ఇప్పుడెందుకులే సామీ. నాట్లకి పొద్దెక్కింది." ఆమె కొంగు దులుపుకుని పొలానికి వెళ్లిపోయింది.

మీ వాకిట్లో మీరే కట్టిన ఎద్దు ఎప్పుడైనా మీ కంటబడిందా? ఆ సంగతి నాకు రాయండి.