టైర్ల కింద నిమ్మకాయలు

శశిభూషణ్ ఆ పాత స్పోర్ట్స్ కారును నడిపి చూద్దామని యూనివర్సిటీ లోపలికి తెచ్చాడు. చీకటి రోడ్ల మీద ఒక చుట్టు తిరిగేసరికి కొనకూడదనిపించింది. ఎందుకో తనకే తెలియదు. ఇంజన్ ఆపి దిగాడు.

టైర్ల ముందు నిమ్మకాయలున్నాయి, కొత్త బండికి పూజ చేసి పెట్టినట్టు. చుట్టుపక్కల ఎవరూ లేరు.

తార్నాకలో ఎదురుచూస్తున్న కారు ఓనరు ఇన్నయ్యకు ఫోన్ చేశాడు.

"ఇన్నయ్య గారూ, కారు నాకొద్దండి. ఈ నిమ్మకాయలు మీరు పెట్టించారా?"

ఇన్నయ్య గొంతు తగ్గించాడు.

"నేను గూడ కొనద్దనే అనుకున్న సార్, నడిపి చూసిన రాత్రి. అవి నలిగినయంటే బండి మీదైనట్టే."

శశిభూషణ్ గబుక్కున వంగి మొదటి కాయ మీద చెయ్యి వేశాడు.

కారు లోపల, తను లాగి పెట్టిన హ్యాండ్‌బ్రేక్ టక్కుమని దిగింది.

వేళ్ల మీద నిమ్మరసం చల్లగా చిమ్మింది.