రెండో సగం

"నీ సగం చెప్పు, తొందరగా!" రేవు గేటు దగ్గర్నుంచి అరిచాడు భర్త.

లాంచీ కమ్మీ పట్టుకుని ఆమె గేటుకేసి వంగింది. సామాన్లతో ముందు ఎక్కెయ్యమని పంపించింది ఆయనే. ఇప్పుడు ఆయనా, ఆయన చెయ్యి పట్టుకున్న అత్తగారూ గేటు అవతలే ఆగిపోయారు. ముగ్గురి టికెట్లూ ఆయన ఫోన్లో ఉన్నాయి. ఫోనుకేమో తాళం.

ప్రయాణంలో ఫోను పోతే దాంతోపాటు కొంపా పోతుందని, పొద్దున బయల్దేరే ముందు కొత్త పాస్‌వర్డ్ పెట్టాడాయన. మొదటి సగం ఆయనది, రెండో సగం ఆమెది. ఒకరి సగం ఇంకొకరికి తెలియకూడదు. "దొంగ మనలో ఎవర్ని బెదిరించినా సగమే దొరుకుతుంది. ఎలా ఉంది?" అని మురిసిపోయాడు కూడా.

"నేనే వచ్చి కొడతానండీ!" అంటూ ఆమె వెనక్కి తిరిగింది. ఎక్కే జనం ఎదురొచ్చి మళ్ళీ కమ్మీకేసి నొక్కేశారు.

"టికెట్లు చూపిస్తారా, పక్కకు జరుగుతారా సార్? లాంచీ బయల్దేరుతోంది" అన్నాడు గేటు మనిషి.

"ఒక్క నిమిషం బాబూ. రేపు పొద్దున్నే అమ్మకి కంటి ఆపరేషన్. ఇవాళ అవతలి ఒడ్డుకి ఇదే ఆఖరి లాంచీ." మళ్ళీ ఇటు తిరిగాడు. "ఏమేవ్! మీ నాన్న పేరు కొట్టాను, కాదంది. మన పెళ్ళిరోజు కొట్టాను, కాదంది. ఇంకోసారి తప్పు కొడితే లోపలున్నదంతా చెరిగిపోతుంది, అమ్మ రిపోర్టులతో సహా!"

"నలుగురిలో అరవకూడదన్నారుగా!"

"ఇప్పుడు నేనేగా అరవమంటున్నది!"

అరవడానికి నలుగురితో ఆమెకేం పేచీ లేదు. పేచీ అంతా ఆయన పక్కన నల్లకళ్ళద్దాలతో నిలబడ్డ ఆవిడతోనే. "నువ్వు ఎప్పటికీ మర్చిపోని మాట పెట్టుకో" అని ఆయన ఫోను చేతికిచ్చిన వేళకి, లోపల్నుంచి అత్తగారి గొంతు. "స్టవ్వు కట్టేశావా? కిటికీ గడియ వేశావా? పాలగిన్నె కడిగావా?" వేళ్ళు వాటంతటవే 'జోరీగ' అని కొట్టేశాయి. ఇన్నేళ్ళూ వంటింటి గోడలకి తప్ప ఎవరికీ చెప్పని పేరది. వింటే చాలు, ఎవర్నన్నదో ఆవిడకి విడమర్చి చెప్పక్కర్లేదు.

లాంచీ కూత వేసింది. తాడు విప్పడానికి ఒకడు వంగాడు.

ఆవిడ కళ్ళు ముఖ్యమా, తన పరువు ముఖ్యమా? ఆమె గట్టిగా కళ్ళు మూసుకుని "జో..." అంది. ఇంజను హోరులో ఆ కాస్తా ఆయనకి వినబడలేదు.

కళ్ళు తెరిచేసరికి అత్తగారు కొడుకు చొక్కా పట్టుకు గుంజుతోంది. చెవిలో ఏదో చెప్పింది. ఆయన ఒద్దన్నట్టు తల ఊపాడు. ఆవిడ మోచేత్తో ఒక్క పోటు పొడిచింది. ఆయన బిక్కమొహంతో కొట్టాడు. గేటు మనిషి ఫోన్లోకి తొంగిచూసి, తప్పుకుని దారిచ్చాడు.

ఎక్కీ ఎక్కగానే ఆయాసపడుతూనే పెళ్ళాం మీద విరుచుకుపడ్డాడు. "ఎవరికీ చెప్పొద్దన్నానా లేదా? అమ్మకెందుకు చెప్పావ్?"

"నేను చెప్పలేదండీ..."

"మరి ఆవిడకెలా తెలుసు? అయినా పెట్టక పెట్టక, జోరీగేంటి?"

అత్తగారు తడుముకుంటూ వచ్చి కోడలి పక్కనే కూర్చుంది.

"పెట్టెకి తాళం వేశావా అమ్మాయ్? సంచీ దగ్గర పెట్టుకున్నావా?" అని అడిగి, కళ్ళద్దాలు సర్దుకుని, కొడుకుతో తాపీగా అంది.

"దాన్నేమీ అనకురా. నాకు ఆపరేషన్ కళ్ళకేగా, చెవులకి కాదుగా!"