నిలవని ప్రెషరు

"మళ్లీ దిగిపోయిందయ్యా ఏసోబూ," అన్నాడు ఫణీంద్ర గేటు తీస్తూ, ఇంట్లో ఎవరో పోయినంత నెమ్మదిగా.

ఏసోబు బండికి స్టాండు వేశాడు. తాడేపల్లిగూడెం నుంచి ఏలూరుకి ఈ నెలలో ఇది నాలుగో రాక. చేపల చెరువులు తవ్వే ప్రొక్లెయిన్లకి హైడ్రాలిక్ పనులు చేసే మనిషి. ఆయిలు కారకుండా ఒకసారి సీలు వేస్తే రెండేళ్లు అటు చూడక్కర్లేదని అతనికి పేరు. ఆ పేరు ఈ ఇంటి ముందు నెల రోజుల్లో సగమైంది.

ఫణీంద్ర ఇంటి ముందు కారు ఉండాల్సిన చోట తెరచాప పడవ ఉంది. కారు వీధిలో ఎండుతోంది. పడవకి ఇప్పటిదాకా తెలిసిన నీళ్లల్లా కారు కడిగే పైపులోవే. దాని తెరచాప కొయ్యని వెనకనుంచి ఒక స్టీలు తీగ లాగి పట్టుకోవాలి, లేకపోతే పడవని నీళ్లలోకి దించడానికి లేదు. తీగ చివర సిలిండరు, పక్కనే చేతి పంపు. పంపు కొడితే తీగ బిగుసుకుంటుంది, గేజిలో ముల్లు లేస్తుంది. ఏసోబు ఉన్నంతసేపూ లేచే ఉంటుంది. మర్నాటికి సున్నా.

"పాస్కల్ సూత్రం ప్రకారం అయితే ఇది నిలవాలయ్యా," అన్నాడు ఫణీంద్ర. ఫిజిక్సు లెక్చరరుగా చేసి రిటైరయ్యాడు.

"ఆయన్ని కూడా ఓసారి పిలిపించండి సార్. నా వల్ల కావట్లేదు."

"ఆదివారం తొమ్మిదీ పదకొండుకి ముహూర్తం. పెదపాడులో మా బావమరిది చెరువులో దించాలి. వాట్సాప్‌లో పెట్టేశాను. నలభై మంది వస్తున్నారు."

"మీ బావమరిదిగారు నాకూ ఫోన్ చేశారండి. పడవకే సీలు వెయ్యలేనోడు నా ప్రొక్లెయిన్లకేం వేస్తాడన్నారు. ఆదివారం ఇది నిలవకపోతే ఆ మూడు బళ్ల పనీ వేరే ఆయనకి ఇచ్చేస్తారంట."

"అయ్యో," అన్నాడు ఫణీంద్ర. "కాఫీ తాగుతావా?"

ఏసోబు సిలిండరు విప్పాడు. గీతలు పడ్డాయేమోనని రాడ్డు మీద గోరు ఆనించి లాగాడు. గీత లేదు. కింద నేల తడిమాడు. ఆయిలు చుక్క లేదు. సీళ్లన్నీ తీసి కొత్తవి వేశాడు, గాలి బుడగలు పోయేదాకా ఆయిలు తిప్పాడు, వాల్వు తుడిచి బిగించాడు. పోయినసారీ ఇదే చేశాడు. అంతకుముందూ ఇదే. పంపు కొడితే ముల్లు ఎప్పట్లాగే బుద్ధిగా పైకి లేచింది.

"నేను కూరగాయలకెళ్లొస్తా," అని ఫణీంద్ర సంచి పట్టుకుని వెళ్లాడు.

ఏసోబు ఈసారి వెళ్లదల్చుకోలేదు. పడవ కిందే గోనెసంచి పరుచుకుని, గేజి కనపడేలా పడుకున్నాడు. ముల్లుని చూస్తూ చూస్తూ, ఎండకి, నాలుగు రాకల అలసటకి కళ్లు మూతపడ్డాయి.

సుయ్యిమని చప్పుడైంది. కళ్లు తెరిచాడు. సిలిండరు పక్కన రెండు గాజుల చేతులు. ఫణీంద్ర భార్య కామేశ్వరి ప్రెషరు వదిలే నాబ్‌ని జాగ్రత్తగా ఎడమకి తిప్పుతోంది.

"అమ్మగారూ," అన్నాడు ఏసోబు పడుకునే.

ఆవిడ ఉలిక్కిపడలేదు. నాబ్ పూర్తిగా తిప్పి, చేతులు కొంగుకి తుడుచుకుంది. "ప్రెషరు అలా ఉంచేస్తే పేలుతుందేమోనని. కుక్కరుకి ఆవిరి వదలమా?"

"ఇది కుక్కరు కాదండి."

"తెలుసులే." ఆవిడ గుమ్మం వైపు చూసి మెట్టు మీద కూర్చుంది. "మీ సారుకి ఈత రాదు ఏసోబూ. బాత్రూంలో తడి ఉంటే గోడ పట్టుకుని నడుస్తారు. ఆ మనిషిని చెరువు మధ్యకి ఎలా పంపను?"

"వద్దని చెప్పొచ్చు కదండీ."

"ముప్పై ఏళ్లు పిల్లలకి వస్తువులు నీళ్లలో ఎందుకు తేలతాయో చెప్పారు. తనూ ఒకసారి తేలాలని ముచ్చటపడ్డారు. ఎలా కాదంటాను? పైగా మా తమ్ముడు టెంటు కూడా వేయించేశాడు."

"మరి నా సంగతేంటండీ? మీ తమ్ముడుగారు నా పని తీసేస్తున్నారు."

"వాడితో నే చెప్తాలే."

"ఏవని చెప్తారండీ?"

గేటు చప్పుడవగానే కామేశ్వరి లేచి, "మీ సారుకి మాత్రం చెప్పకు," అని వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఫణీంద్ర ఆనపకాయ సంచితో వచ్చి, గేజి చూసి, "దిగిపోయిందా," అన్నాడు. ఆ గొంతులో బాధ బాగానే ఉంది.

ఏసోబు గోనెసంచి దులిపి మడిచాడు. పెదపాడు చెరువు గట్టు మీద నిలబడ్డ మూడు ప్రొక్లెయిన్లు కళ్లముందు కదిలాయి. తన ఇద్దరు పిల్లల బడి ఫీజు కదిలింది. అమ్మగారి పేరు ఎత్తకుండా ఎంతవరకు చెప్పొచ్చో అంతవరకే చెబుదామనుకున్నాడు.

"సార్, సీళ్లలో తప్పు లేదండి. సిలిండర్లోనూ లేదు. నేను వెళ్లాక ఈ ఇంట్లో ఎవరో నాబ్ తిప్పేస్తున్నారు."

ఫణీంద్ర సంచి కింద పెట్టాడు. వంటింటి కిటికీ వైపు ఒకసారి చూసి, ఏసోబుని రెక్క పట్టుకుని పడవ వెనక్కి తీసుకెళ్లాడు.

"నేనేనని మీ అమ్మగారికి చెప్పలేదు కదా?"