రొయ్యలు అలవాటు పడేదాకా

పెట్టెలు గుమ్మం దాకా మోసుకొచ్చి అతను తలుపు తీసేసరికి ఎదురుగా ఒక మనిషి నిలబడి ఉన్నాడు.

ఒక చేతిలో నీళ్ళ డబ్బా. చంకలో తడి కాగితంలో చుట్టిన మొక్కలు. మెడకి వేలాడుతూ ఒక గుడ్డ సంచి. రెండో చెయ్యి జేబులోకి పోతూ పోతూ ఆగిపోయింది.

"ఏం కావాలి?" అతను గదమాయించాడు. బయల్దేరేటప్పుడు ఎవడు ఎదురొచ్చినా అతనికి ఒళ్ళుమంట. అందులోనూ వీధి చివర తమ్ముడు ఆటోలో కూర్చుని ఉన్నాడు. సాయంత్రం రైలు తప్పిందంటే ఇద్దరి పనీ గోవిందా.

వచ్చినవాడు అతన్ని ఎగాదిగా చూశాడు. వెనకున్న పెట్టెల్ని చూశాడు.

"హాల్లో అద్దాల తొట్టి ఉంది కదండీ. దాంట్లోకి మొక్కలూ, రొయ్యలూ తెచ్చాను."

"నాకు రైలుంది. రేపు రా."

"రేపటికి ఇవి ఉండవు సార్. పొద్దున్నుంచీ సంచిలోనే ఉన్నాయి. పోనీ, అమ్మగారికి ఫోన్ చేసి అడగమంటారా?"

"ఆవిడకెందుకు, వద్దు!" అన్నాడతను చటుక్కున. ఎంతటి మొనగాడికైనా ఆ ఒక్క మాటతో నోరు పడిపోతుంది. "సరే, లోపలికి రా. పోసేసి పో."

రొయ్యలాయన చెప్పులు విప్పి, తిన్నగా తొట్టి దగ్గరికి నడిచాడు. గుడ్డ సంచిలోంచి నీళ్ళు నింపిన ప్లాస్టిక్ కవరు తీసి, లోపలివాటిని తొట్టి పక్కనున్న గిన్నెలోకి వంపాడు. ఎండుమిరప తునకల్లా ఎర్రగా, బియ్యపుగింజంతేసి రొయ్యలు.

"వీటికా ఇంత హడావుడి? కూరలోకి కూడా రావు."

"కూరకి కాదు సార్, కంటికి. కుళాయి నీళ్ళలో మందు కలుపుతారు, వీటికి పడదు. అందుకే ఊరి చివర డాబా మీద పట్టిపెట్టిన వాననీళ్ళు మోసుకొచ్చా. అయినా వీటి నీళ్ళు వేరు, తొట్టి నీళ్ళు వేరు. ఉన్నట్టుండి మారిస్తే గిలగిలా కొట్టుకుని పోతాయి. చుక్క చుక్కగా కలపాలి."

అక్కడే ఉన్న సన్నటి గొట్టం ఒక కొస తొట్టిలో ముంచి, రెండో కొస నోటితో పీల్చి, మధ్యలో ముడి వేశాడు. గిన్నెలో ఒక చుక్క పడింది. ఇక పడదేమో అనుకున్నాక ఇంకో చుక్క.

"ఇలా ఎంతసేపు?"

"గిన్నె నిండేదాకా."

"తెల్లారిపోతుందయ్యా!"

"రొయ్యలు అలవాటు పడాలి కదండీ. మనుషులైతే ఎవరింట్లోనైనా చిటికెలో అలవాటు పడిపోతారు."

జేబులో ఫోన్ మోగింది. తమ్ముడు.

"అన్నా, ఏం చేస్తున్నావ్ లోపల? ఆటోవాడు గొణుగుతున్నాడు."

"రొయ్యలు."

"ఏంటీ?"

"వస్తున్నా, పెట్టెయ్."

ఇక లాభం లేదని పెట్టె మీద చెయ్యి వేశాడు. "నువ్వు నిదానంగా చేసుకో. పోయేటప్పుడు తలుపు లాగేసి పో."

"అమ్మో, నన్నొక్కణ్ణీ వదిలేసా! రేపు చెంచా పోయినా నా నెత్తికే చుట్టుకుంటుంది. ఉండండి, ఎదురింటి మామ్మగారిని కేకేస్తా. ఆవిణ్ణి కూర్చోబెట్టి వెళ్ళండి."

"ఆగు!" అతని నుదుట చెమట పట్టింది. ముసలావిడ వచ్చిందంటే ఆరాలు తియ్యక మానదు. "ఎవర్నీ పిలవక్కర్లేదు. ఉంటాలే."

"అయితే కాస్త ఈ గొట్టం పట్టుకోండి. కదిపారా, ముడి ఊడుతుంది. ఇవి చచ్చాయంటే ఇక్కడే కూలబడి వీధంతా వినపడేలా ఏడుస్తా, ముందే చెప్తున్నా."

గొట్టం అందిస్తుంటే రొయ్యలాయన వేళ్ళు చల్లగా, వణుకుతూ తగిలాయి. పాపం, బరువు మోసిన చెయ్యి, అనుకున్నాడతను.

రొయ్యలాయన మొక్కలు ముందేసుకుని కూర్చున్నాడు. "కొట్లో మొక్కలకి పురుగుమందు కొడతారు సార్, రొయ్యలకి అది విషం. ఇంట్లో పెంచుకునే ఆవిణ్ణి బతిమాలి తెచ్చా. అయినా కడగడం మంచిది." ఒక్కో ఆకూ వేలితో రుద్దడం మొదలుపెట్టాడు.

కిటికీ అవతల నుంచి ముసలి గొంతు వినిపించింది. "రొయ్యలు దొరికాయా నాయనా?"

"దొరికాయి మామ్మగారూ!"

ఈవిడకి వీధిలోకొచ్చే ప్రతి సంచీ కావాలి, అని పళ్ళు నూరుకున్నాడు గానీ, అతను తేలు కుట్టిన దొంగలా కిక్కురుమనలేదు. చెప్పులు ఈడ్చుకుంటూ ఆవిడ వెళ్ళిపోయిన చప్పుడు వినపడేదాకా ఊపిరి బిగబట్టాడు.

ఫోన్ మళ్ళీ మోగింది. ఈసారి తియ్యలేదు. చేతులు ఖాళీ లేవు.

"నీవాళ్ళెవరినైనా సాయానికి రమ్మనరాదూ!" అన్నాడు, గొంతులో ఏడుపొక్కటే తక్కువ.

రొయ్యలాయన చేతులు తుడుచుకుని ఫోన్ తీశాడు. "బావా, తొట్టి దగ్గరే ఉన్నా. ఇక్కడ సార్ పెట్టెలు సర్దేసుకున్నారు, రైలుకి వెళ్ళాలట. నేనొక్కణ్ణే అవస్థ పడుతున్నా. ఇద్దరు గట్టివాళ్ళయితే పని తెమిలిపోతుంది. తొందరగా, బావా."

"ఇదేదో ముందే చెయ్యొచ్చుగా," అన్నాడతను.

"తట్టలేదు సార్."

చుక్క. మళ్ళీ చుక్క. మోకాళ్ళు తిమ్మిరెక్కాయి. గోడ మీద ఎండ పలచబడింది. రొయ్యలాయన గుమ్మం వైపు చూస్తూ కడిగిన ఆకునే మళ్ళీ కడుగుతున్నాడు.

గంట మోగింది.

హమ్మయ్య అనుకుని అతను గొట్టం రొయ్యలాయన చేతిలో పడేసి, ఒక్క అంగలో వెళ్ళి తలుపు తీశాడు.

గుమ్మంలో ఇద్దరు పోలీసులు. ముందున్నవాడు అతని భుజం మీదుగా రొయ్యలాయన వైపు చూసి అడిగాడు, "ఏం బావా, నీ ఇంట్లో దూరిన దొంగ వీడేనా?"