బిళ్ళ తీసిన రోజు

పది నెలల అమూల్య మెడలో కట్టిన పలుకుబిళ్ళ తొలిసారి "అమ్మా, ఆకలేస్తోంది" అన్నప్పుడు వకుళ మురిసిపోయి, బిడ్డను ఎత్తుకుని ఇల్లంతా తిరిగింది. ఆ వీధిలో పిల్లలందరికీ అలాంటి బిళ్ళలే. పాప మనసులో ఏమున్నా బిళ్ళ చెప్పేసేది. వకుళ కూర తరుగుతూనే, తల తిప్పకుండానే బదులిచ్చేది.

మూడేళ్ళు నిండినా అమూల్యకు సొంతంగా ఒక్క మాటా రాలేదు.

"బిళ్ళ తీసెయ్యండమ్మా. పాప మొహం చూస్తూ మీరే మాట్లాడండి. ఆలస్యమైంది, అయినా మొదలుపెట్టండి," అంది పాపను పరీక్షించిన డాక్టరమ్మ.

మర్నాడు పొద్దున్నే వకుళ బిళ్ళ తీసేసింది. కాసేపటికే అమూల్య ఏడుపు అందుకుంది. పాలిస్తే విసిరికొట్టింది, బొమ్మిస్తే తోసేసింది. మూడేళ్ళు పెంచిన బిడ్డ ఎందుకేడుస్తోందో వకుళకు తెలియడం లేదు.

"పాపం, ఆ బిళ్ళ మళ్ళీ పెట్టెయ్యవే," అన్నాడు భర్త గిరిధర్.

"కాస్త ఆగండి," అని వకుళ కింద కూర్చుని, బిడ్డను ఒళ్ళోకి లాక్కుని ఒళ్ళంతా తడిమి చూసింది. జుట్టు కింద, చెవి వెనక గండుచీమ కుట్టి ఎర్రగా వాచిపోయి ఉంది.

"నొప్పా తల్లీ? నొప్పి," అంది, ఆ వాపును వేలితో చూపిస్తూ.

అమూల్య ఏడుపాపి అమ్మ పెదాల వంక చూసింది. అలా చూడడం అదే మొదలు. తనూ నోరు తెరిచింది. ఊపిరి వచ్చింది గానీ మాట రాలేదు.

వకుళ కళ్ళు తుడుచుకుని, మళ్ళీ నెమ్మదిగా అంది, "నొప్పి."